ఆరు మీటర్ల కొయ్య, నాలుగు మీటర్ల లారీ

హాలియా రోడ్డు మీద వచ్చేపోయే లారీలను మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ధాన్యం బస్తాల లారీ, ఎరువుల లారీ, సిమెంటు లారీ. వాటి మధ్య అప్పుడప్పుడు ఇనుప సలాకల లారీ కూడా వస్తుంది. ఈసారి అది కనిపించినప్పుడు కాస్త పరీక్షగా చూడండి. సన్న సలాకలు తిన్నగా ఉండవు. జడకు పెట్టుకునే పిన్నులాగా మధ్యలో మడిచి ఉంటాయి. ఎందుకలా మడిచారు?

సలాక అసలు పొడుగు 12 మీటర్లు, అంటే దాదాపు 40 అడుగులు. మామూలు లారీ తొట్టి అంత పొడుగు ఉండదు. అందుకని సలాకను మధ్యకు మడిచి 20 అడుగులకు తెస్తారు. ఇల్లు కట్టే చోట మేస్త్రి దాన్ని మళ్ళీ తిన్నగా సాగదీసుకుంటాడు. పొడుగాటి వస్తువును పొట్టి బండిలో పంపించడానికి ఇదొక ఉపాయం.

మరి మడవడానికి వీల్లేని పొడుగాటి వస్తువు అయితే ఏం చేస్తారు? అటువంటి వస్తువు ఒకటి మన ప్రాంతం మీదుగానే ప్రయాణం చేస్తుంది. అది తెరచాప పడవ కొయ్య. దాని కథ తెలుసుకుంటే మీరు లెక్కల పుస్తకంలో చదివిన పైథాగరస్ సిద్ధాంతం రోడ్డు మీద ఎలా పనికొస్తుందో కూడా తెలుస్తుంది.

సముద్రం లేని చోట తెరచాపలు

తెరచాప పడవలంటే సముద్రం ఒడ్డున ఉండేవి కదా, తెలంగాణకు ఎందుకు వస్తాయి అని మీకు అనుమానం రావచ్చు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఉంది. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్వించిన చెరువు అది. వానాకాలంలో నైరుతి గాలి దాని మీదుగా బాగా వీస్తుంది. అందుకే ఆ రోజుల్లో అక్కడ తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. వేరువేరు రాష్ట్రాల నుంచి పడవలు నడిపేవాళ్ళు వస్తారు. మీ వయసు పిల్లలు కూడా అక్కడ పడవ నడపడం నేర్చుకుంటున్నారు. ఇంట్లో అంతగా డబ్బు లేని పిల్లలూ వారిలో ఉన్నారు.

నేర్చుకున్నవాళ్ళు పోటీలకు వేరే ఊళ్ళకు వెళ్ళాలి. చెన్నై వెళ్ళాలంటే ఒక దారి నార్కట్‌పల్లి, నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా సాగుతుంది. వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ళ, అద్దంకి మీదుగా ఒంగోలు వైపు పోతుంది. అంటే మీకు తూర్పున ఉన్న మిర్యాలగూడ మీదుగానన్నమాట.

మనిషి బస్సులోనో రైల్లోనో పోతాడు. పడవ సంగతి ఏమిటి? పడవను విప్పితే వచ్చే భాగాలు ఇవి. మొదటిది ఉత్త పడవ. తెరచాప, కొయ్యలు తీసేసిన దీన్ని పడవ మొండెం అందాం. రెండవది తెరచాపను నిలబెట్టే నిలువు కొయ్య. మూడవది తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డుకొయ్య. తరువాత చుక్కాని, నీటిలోకి దించే పలక, తాళ్ళు, తెరచాప. తెరచాపను చాపలా చుట్టేయవచ్చు. తాళ్ళను సంచిలో వేయవచ్చు. చిక్కంతా నిలువు కొయ్యతోనే. పేరుకు కొయ్య అన్నా, ఇప్పుడు ఎక్కువగా వాడేది అల్యూమినియం గొట్టమే. గాలి అందాలంటే అది ఎత్తుగా ఉండాలి. ఎత్తుగా ఉంటే రోడ్డు మీద పొడుగవుతుంది!

ఖర్చు పెంచేది బరువా, పొడుగా?

సామాను బరువుగా ఉంటే కిరాయి ఎక్కువ అని మనం అనుకుంటాం. బస్తాల విషయంలో అది నిజమే. పొడుగాటి కొయ్యల విషయంలో మాత్రం లెక్క మారిపోతుంది.

అయిదు సెంటీమీటర్ల లావు, 3.6 మీటర్ల పొడుగు ఉన్న పలుచని అల్యూమినియం గొట్టాన్ని తీసుకోండి. దాని బరువు సుమారు మూడు కిలోలు. ఒక చేత్తో ఎత్తవచ్చు. కాని దాన్ని పార్శిలుగా పంపబోతే చాలా కంపెనీలు బరువు ఒక్కటే చూడవు, అది ఆక్రమించే చోటు కూడా కొలుస్తాయి. పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ హెచ్చవేసి, 5000తో భాగించడం ఒక వాడుక లెక్క. వచ్చిన సంఖ్యను కిలోలుగా భావిస్తారు. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కిరాయి.

మన గొట్టం చుట్టూ గడ్డో గుడ్డో చుట్టి, 360 సెంటీమీటర్ల పొడుగు, 10 వెడల్పు, 10 ఎత్తు ఉన్న పెట్టెలో పెట్టామనుకోండి.

360 × 10 × 10 = 36,000. దాన్ని 5000తో భాగిస్తే 7.2.

మూడు కిలోల వస్తువుకు ఏడు కిలోల పైన కిరాయి! మనం పంపించేది చాలావరకు గాలినే అన్నమాట.

ఇప్పుడు పదిమంది పిల్లలు తమ పది గొట్టాలను విడివిడిగా పంపితే లెక్క బరువు 72 కిలోలు. అదే పది గొట్టాలను అయిదేసి చొప్పున రెండు వరసలుగా పేర్చి ఒకే పెట్టెలో పెడితే ఏమవుతుంది? వెడల్పు 30 సెంటీమీటర్లు, ఎత్తు 14 సెంటీమీటర్లు సరిపోతాయి.

360 × 30 × 14 = 1,51,200. దాన్ని 5000తో భాగిస్తే దాదాపు 30.

72 కిలోలు 30 కిలోలయ్యాయి. గొట్టాలు తగ్గలేదు, బరువు తగ్గలేదు. మధ్యనున్న ఖాళీ తగ్గింది, అంతే. చవగ్గా పంపడంలో మొదటి సూత్రం ఇదే: కట్టకట్టి పంపు.

లారీని పూర్తిగా మాట్లాడుకున్నా ఇదే సూత్రం. హైదరాబాదు నుంచి చెన్నైకి ఒక లారీ కిరాయి 30,000 రూపాయలని లెక్క కోసం అనుకుందాం. లారీలో ఒక్క పడవ ఉన్నా అంతే, పది పడవలు ఉన్నా అంతే. పది ఉంటే ఒక్కొక్కరికి పడేది 3,000. అయితే పదీ ఆ లారీలో పట్టాలి కదా! పడతాయా లేదా అన్నది తేల్చేది పొడుగు.

మూల నుంచి మూలకు

14 అడుగుల తొట్టి ఉన్న చిన్న లారీని తీసుకుందాం. 14 అడుగులంటే 4.27 మీటర్లు. ఆరు మీటర్ల కొయ్య అందులో తిన్నగా పట్టదు. ఏటవాలుగా, మూల నుంచి మూలకు పెడితే?

తొట్టి వెడల్పు 6 అడుగులు, గోడల ఎత్తు 6 అడుగులు అనుకోండి. నేల మీద మూల నుంచి మూలకు ఉన్న దూరం ఒక లంబకోణ త్రిభుజానికి కర్ణం. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 14 వర్గం 196, 6 వర్గం 36, మొత్తం 232. దాని వర్గమూలం సుమారు 15.2 అడుగులు. కింది మూల నుంచి ఎదుటి పై మూలకు పెడితే ఇంకో 36 కలుస్తుంది. మొత్తం 268, వర్గమూలం సుమారు 16.4 అడుగులు, అంటే 5 మీటర్లు.

చూశారా! ఎంత కష్టపడి ఏటవాలుగా పెట్టినా మనకు కలిసివచ్చింది రెండున్నర అడుగుల లోపే. ఆరు మీటర్ల కొయ్య ఇప్పటికీ మీటరు మేర బయటికే ఉంటుంది. పైగా తొట్టి మధ్యలో అడ్డంగా కొయ్య ఉంటే మిగతా సామాను పెట్టడానికి వీలుండదు. పదిమంది పంచుకోవలసిన కిరాయి ఒక్కరి నెత్తిన పడుతుంది.

లారీ దాకా తీసుకురావడం కూడా తేలిక కాదు. కొయ్యను సందులోంచి మోసుకొస్తున్నారనుకోండి. సందు లంబకోణంలో తిరిగింది. రెండు వైపులా వెడల్పు రెండేసి మీటర్లు. కొయ్యను పైకెత్తకుండా, నేలకు సమాంతరంగా పట్టుకుని తిప్పాలి. ఎంత పొడుగు కొయ్య తిరుగుతుంది? సమాన వెడల్పు ఉన్న సందులకు లెక్క ఇది: సందు వెడల్పును 2.83తో హెచ్చవేయాలి. రెండు మీటర్ల సందుకు 5.66 మీటర్లు వస్తుంది. అంతకు మించిన కొయ్య ముందు కొస ఒక గోడకు, వెనక కొస ఇంకో గోడకు, నడుము లోపలి మూలకు తగిలి ఇరుక్కుపోతుంది. ఆరు మీటర్ల కొయ్య తిరగదు. 3.6 మీటర్ల కొయ్య సునాయాసంగా తిరుగుతుంది.

నమ్మకం లేకపోతే రెండు పుస్తకాల అట్టలతో సందు చేసి, అగ్గిపుల్లలతోనో చీపురు పుల్లలతోనో పరీక్షించండి. సందు వెడల్పు 2 సెంటీమీటర్లు పెట్టి, 5.5 సెంటీమీటర్ల పుల్లను, 6 సెంటీమీటర్ల పుల్లను తిప్పి చూడండి.

సలాకలా మడిస్తే?

సలాకను మడిచినట్టు కొయ్యను కూడా మడిస్తే పోలేదా? దీనికి జవాబు ఒక బొప్పాయి ఆకు చెబుతుంది.

బొప్పాయి ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది. పిల్లలు దానితో నీళ్ళు పీలుస్తారు, బూర ఊదుతారు. ఆ కాడను రెండు చేతులతో మెల్లగా వంచండి. కొంతవరకు వంగుతుంది. తరువాత ఒక్కసారిగా ఒక చోట చదునై, టప్పున మడతపడిపోతుంది. మళ్ళీ తిన్నగా చేసినా ఆ చోట బలం ఉండదు.

ఏం జరిగింది? ఏ కడ్డీనైనా వంచినప్పుడు వంపుకు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. కడ్డీ ఎంత లావుంటే సాగుదల అంత ఎక్కువ. 12 మిల్లీమీటర్ల సలాకను 30 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల వంపుగా మడిస్తే, బయటి అంచు 300కి 6 వంతున, అంటే 2 శాతం సాగుతుంది. ఇల్లు కట్టే ఇనుము దీన్ని సులభంగా తట్టుకుంటుంది. 50 మిల్లీమీటర్ల గొట్టాన్ని అదే వంపుగా మడిస్తే 300కి 25, అంటే 8 శాతం పైన సాగాలి. అంతకన్నా ముందే, లోపల ఏ ఆధారమూ లేకపోవడం వల్ల గొట్టం గోడలు చదునై కూలిపోతాయి. బొప్పాయి కాడకు జరిగింది అదే.

అలాగైతే బోలు గొట్టం ఎందుకు, సలాకలా గట్టి కడ్డీ వాడవచ్చు కదా అంటారా? వెదురును గుర్తు తెచ్చుకోండి. వంపును ఎదిరించడంలో నడుమనున్న పదార్థం చేసే సాయం తక్కువ, అంచుల్లో ఉన్న పదార్థం చేసే సాయం ఎక్కువ. నడుమ పదార్థాన్ని తీసి అంచుకు చేరిస్తే అదే బరువుకు ఎన్నో రెట్లు బిగువు వస్తుంది. ప్రకృతి వెదురును, గోధుమ కాడను, పక్షి ఎముకను బోలుగా చేసింది ఇందుకే. పడవ కొయ్య తేలిగ్గా ఉండాలి. పైన బరువుంటే పడవ పక్కకు పడిపోతుంది. కనుక బోలు గొట్టమే శరణ్యం. మడవడం కుదరదు.

రెండు ముక్కల కొయ్య

ఇక మిగిలింది ముక్కలు చేయడం. ఈ ఉపాయాన్ని ముందే ఆలోచించి కట్టిన పడవ ఒకటి ఉంది. 1969లో కెనడాలో ఇయాన్ బ్రూస్ అనే ఆయన తన మిత్రుడు బ్రూస్ కర్బీని ఒక కోరిక కోరాడు. కారు పైకప్పు మీద పెట్టి తీసుకుపోగల చిన్న తెరచాప పడవను రూపొందించమన్నాడు. కర్బీ ఫోనులో మాట్లాడుతూనే కాగితం మీద గీతలు గీశాడు. ఆ గీతల నుంచి వచ్చిన పడవ లేజర్. 1971లో అమ్మకానికి వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నుంచి ఒలింపిక్ పోటీల్లో ఉంది. హుస్సేన్ సాగర్‌లో ఇది బాగా పేరున్న పడవ.

లేజర్ మొండెం పొడుగు సుమారు 4.2 మీటర్లు, బరువు 59 కిలోలు. కొయ్య మొత్తం ఆరు మీటర్ల పైనే. కాని అది రెండు ముక్కలు. కింది ముక్క సుమారు 2.9 మీటర్లు, పై ముక్క సుమారు 3.6 మీటర్లు. పై ముక్క అడుగు భాగం కింది ముక్కలోకి దూరుతుంది. తెరచాపకు ఒక పక్క దిండు గలీబులాంటి పొడుగాటి సంచి కుట్టి ఉంటుంది. కొయ్యను అందులోకి దూర్చి, పడవలోని గుంటలో నిలబెడితే చాలు. కొయ్యను పట్టి ఉంచడానికి వేరే తీగలు అక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయం పట్టుకోండి. ముక్కలన్నీ మొండెం కన్నా పొట్టివే. మొండెం ఎక్కడ పడితే మిగతావన్నీ అక్కడ పడతాయి! మొండెాన్ని ముక్కలు చేయలేం. చేస్తే నీళ్ళు వస్తాయి. కనుక ముక్కలు చేయడానికి వీల్లేని భాగాన్ని కొలతగా పెట్టుకుని, మిగిలిన ప్రతి భాగాన్నీ దానికన్నా పొట్టిగా చేయాలి. పొడుగాటి వస్తువులను చవగ్గా పంపడంలో అసలు కిటుకు ఇదే. అది లారీ ఎక్కించే రోజున తట్టే ఆలోచన కాదు, వస్తువును కాగితం మీద గీసే రోజునే ఉండవలసిన ఆలోచన.

ఇంకా చిన్న పడవ చూడండి. పేరు ఆప్టిమిస్ట్. 15 ఏళ్ళ లోపు పిల్లలు నడిపేది. 1947లో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని క్లియర్‌వాటర్ అనే ఊళ్ళో క్లార్క్ మిల్స్ దాన్ని రూపొందించాడు. 50 డాలర్ల లోపు ఖర్చుతో పిల్లలకు పడవ కావాలన్నది ఆయన ముందు పెట్టిన షరతు. ప్లైవుడ్ పలక 8 అడుగులే ఉంటుంది కనుక పడవను 8 అడుగుల లోపే గీశాడు. అంత చిన్న పడవకు పొడుగు కొయ్య పెడితే మళ్ళీ మొదటికే వస్తుంది. అందుకని పాతకాలపు నావికుల ఉపాయం ఒకటి వాడాడు. నిలువు కొయ్యను సుమారు 2.35 మీటర్లకే ఆపి, తెరచాప పై మూలను ఒక ఏటవాలు కర్రతో పైకి నెట్టి నిలబెట్టాడు. గొడుగు బట్టను పుల్ల నెట్టి ఉంచినట్టు. తెరచాప కొయ్యను దాటి పైకి పోతుంది, కొయ్య మాత్రం పొట్టిగానే ఉంటుంది. విప్పితే కర్రలన్నీ పడవలోనే సర్దుకుంటాయి.

అతుకు బలం

ముక్కలు చేయడం తేలికే, అతకడమే కష్టం. పై ముక్క 20 సెంటీమీటర్ల మేర కింది ముక్కలోకి దూరిందనుకోండి. ఆ 20 సెంటీమీటర్లలో ఒక్క మిల్లీమీటరు వదులు ఉంటే ఏమవుతుంది? 200 మిల్లీమీటర్లకు 1 మిల్లీమీటరు వాలితే, అతుకు పైన ఉన్న 3,400 మిల్లీమీటర్లకు 17 మిల్లీమీటర్లు వాలుతుంది. కింద మిల్లీమీటరు వదులు కొసన అటూ ఇటూ కలిపి ఒకటిన్నర అంగుళాల లోపు ఊగులాటగా మారుతుంది. గాలి వచ్చినప్పుడల్లా కొయ్య కటకటలాడుతుంది, గొట్టం అంచు అరుగుతుంది. అందుకే అతుకులో వదులు లేకుండా ప్లాస్టిక్ పట్టీలు వేస్తారు. దూరే భాగం ఎంత పొడుగుంటే ఊగులాట అంత తగ్గుతుంది.

ఇంకో ప్రమాదం చిల్లులతో. పట్టీని బిగించడానికి గొట్టానికి చిల్లు పెట్టి రివెట్ కొడతారు. వంగినప్పుడు ఒత్తిడి చిల్లు అంచున పోగవుతుంది. పాత తరహా అల్యూమినియం కొయ్యలు విరిగినప్పుడు తరచు విరిగేది ఆ చిల్లు దగ్గరే. కాగితాన్ని చించబోయే ముందు అంచున చిన్న గాటు పెడతాం కదా, ఇదీ అలాంటిదే.

లారీలో ఎలా పడుకోబెట్టాలి?

ముక్కలు చేశారు, కట్ట కట్టారు. లారీలో రెండు దిమ్మెలు వేసి కట్టను వాటి మీద పెట్టాలి. దిమ్మెలు ఎక్కడ వేస్తారు? రెండు కొసల్లో అంటారేమో. అది తప్పు.

ఒక ప్రయోగం చేయండి. పలుచని మీటరు స్కేలు గాని, సన్నని వెదురు బద్ద గాని తీసుకోండి. రెండు కొసల కింద రెండు పెన్సిళ్ళు పెట్టండి. మధ్యలో కిందికి జారుతుంది. ఇప్పుడు పెన్సిళ్ళను మెల్లగా లోపలికి జరపండి. ఒక్కొక్క కొస నుంచి సుమారు 21 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి స్కేలు దాదాపు తిన్నగా అవుతుంది. ఇంకా లోపలికి జరిపితే ఈసారి కొసలు వాలిపోతాయి.

కారణం తేలిక. పెన్సిళ్ళ బయట ఉన్న కొసలు తమ బరువుతో కిందికి వాలుతూ, త్రాసు కాడలాగా, మధ్య భాగాన్ని పైకి ఎత్తుతాయి. మధ్య భాగం కిందికి జారాలని చూస్తుంది. ఆ రెండూ సరిపోయే చోటు పొడుగులో అయిదో వంతుకు కాస్త ఎక్కువ. అక్కడ ఆధారం ఇస్తే కడ్డీని వంచే బలం, కొసల్లో ఆధారం ఇచ్చినప్పటి బలంలో దాదాపు ఆరో వంతుకు తగ్గిపోతుంది. 3.6 మీటర్ల ముక్కకయితే ఒక్కొక్క కొస నుంచి 75 సెంటీమీటర్ల దగ్గర దిమ్మె వేయాలి. తాడు కట్టవలసింది కూడా ఆ దిమ్మెల దగ్గరే. ఆధారం లేని నడిమి భాగంలో తాడు బిగిస్తే గొట్టం వంగుతుంది.

గొట్టాల మధ్య గోనెపట్టా గాని, పాత చీర గాని వేయాలి. వందల కిలోమీటర్లు ఒకదానికొకటి రాసుకుంటే, మధ్యలో ఇసుక చేరితే, అల్యూమినియం అరిగి గాట్లు పడతాయి. గాటు పడిన చోటే రేపు విరుగుతుంది. ఎంత తొందరగా ఉన్నా కట్ట మీద ఎరువుల బస్తా వేయకూడదు. గొట్టం గాలిని తట్టుకునేలా చేసింది, బస్తాను కాదు.

బయటికి పొడుచుకు వస్తే?

ఇంత శ్రమ ఎందుకు, తొట్టి వెనక తలుపు తెరిచి, కొయ్యను రెండు మీటర్లు బయటికి వదిలి, కొసకు ఎర్రగుడ్డ కడితే పోతుంది కదా అనేవాళ్ళు ఉంటారు. పూర్వం అలా చేసేవారు కూడా. దాని వెల ఎంతో తెలుసుకోండి.

రాత్రివేళ వెనక నుంచి వచ్చే మోటారు సైకిలు వానికి లారీ వెనక దీపాలు కనిపిస్తాయి. లారీ అక్కడ ఉందని లెక్క వేసుకుంటాడు. దీపాల కన్నా రెండు మీటర్లు ఇవతలకు వచ్చిన సలాక కొస అతని కంటికి కనపడదు. కడ్డీని కొస వైపు నుంచి చూస్తే అది ఒక చుక్క మాత్రమే. లారీ ఆగినప్పుడు ఆ చుక్క మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. ఇలాంటి ప్రమాదాల్లో మన దేశంలో ఎందరో చనిపోయారు. మలుపుల్లో ఇంకో ముప్పు ఉంది. లారీ కుడికి తిరిగినప్పుడు వెనక చక్రాలకు అవతల వేలాడే కొస ఎడమకు విసురుగా తిరుగుతుంది. పక్కన నిలబడ్డవాడు ముందు చక్రాలనే చూస్తూ ఉంటాడు.

అందుకే 2014లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించింది. సరకు వాహనం వెనక నుంచి కడ్డీలు పొడుచుకు రావడానికి అంతకు ముందున్న వెసులుబాటు తీసేసింది. రోడ్డు మీద అటువంటి లారీ కనిపిస్తే దూరంగా ఉండండి, మీ ఇంట్లో బండి నడిపేవారికి చెప్పండి. ముక్కలు చేసి తొట్టి లోపల సర్దిన కొయ్య చవక మాత్రమే కాదు, దానివల్ల వెనక వచ్చేవాడు క్షేమంగా ఇల్లు చేరతాడు.

ముక్కలు చేయలేనివి

అన్నిటినీ ముక్కలు చేయలేం. రైలు పట్టాల సంగతి చూడండి. అతుకు ఉన్న ప్రతి చోటా చక్రం టకటకలాడుతుంది, పట్టా అరుగుతుంది. అందుకని భిలాయి ఉక్కు కర్మాగారం 260 మీటర్ల పొడుగు పట్టాలను కూడా తయారు చేసి పంపిస్తుంది. చాలా వ్యాగన్ల మీదుగా పరిచి తీసుకుపోతారు. మలుపు వచ్చినప్పుడు అంత పొడుగు పట్టా రైలుతో పాటు మెల్లగా వంగుతుంది. వంపు వ్యాసార్ధం వందల మీటర్లు కనుక సాగుదల అతి తక్కువ. మలుపు దాటగానే మళ్ళీ తిన్ననవుతుంది.

అనంతపురం ప్రాంతంలో గాలిమరలు ఉన్నాయి. వాటి రెక్కలు 50 మీటర్లు దాటినవి కూడా ఉంటాయి. అతుకు వేస్తే బరువు పెరుగుతుంది, బలం తగ్గుతుంది. అందుకని సాధారణంగా రెక్కను ముక్కలు చేయకుండా, బండినే రెక్కకు తగినట్టు పొడుగు చేస్తారు. మలుపుల్లో రోడ్డు పక్క స్తంభాలు తీయవలసి వస్తుంది. ఖర్చు ఎంతవుతుందో మీరే ఊహించండి.

హుస్సేన్ సాగర్ మధ్యలో నిలబడి ఉన్న బుద్ధ విగ్రహం ఏకశిల. సుమారు 350 టన్నుల బరువు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని రాయగిరి నుంచి రాయి తెచ్చారు. రోడ్డు మీద క్షేమంగానే వచ్చింది. 1990 మార్చిలో చెరువులో పంటు మీద తీసుకుపోతుండగా మునిగిపోయింది, కొందరు ప్రాణాలు కోల్పోయారు. 1992లో గాని దాన్ని పైకి తీసి నిలబెట్టలేకపోయారు. ముక్కలు చేయని వస్తువుతో వ్యవహారం అంత జాగ్రత్తగా ఉండాలి.

పొడుగాటి వస్తువుకు అన్నిటికన్నా చవకైన దారి నీరే. రోడ్లు లేని రోజుల్లో గోదావరి అడవుల్లోని వెదురును, కలపను తెప్పలుగా కట్టి ప్రవాహంలో రాజమండ్రి వైపు దించేవారు. పది మీటర్ల దుంగకు లారీ అక్కర్లేదు. తేలగలిగినదాన్ని నది ఊరికే మోసుకుపోతుంది, దుంగను కొస నుంచి కొస దాకా ఆనుకుని మోస్తుంది కనుక అది వంగదు కూడా. కాని నది తనకు ఇష్టమైన వైపే పోతుంది. హైదరాబాదు నుంచి చెన్నైకి ఏ నదీ పోదు. కనుక మనకు లారీయే గతి, లెక్కే దిక్కు.

మీ ఊళ్ళో లెక్క వేయండి

సాగర్ జలాశయంలో చేపలు పట్టేవారి పుట్టిని చూడండి. ఒక మనిషి తలకెత్తుకుని మోయగలిగేలా దాన్ని అల్లారు. మీ వీధిలో టెంటు వేసేవారి గుంజలను చూడండి. బోరు వేసే బండి మీద ఉన్న గొట్టాలను చూడండి, వందల అడుగుల లోతుకు దిగేది ఆ పొట్టి గొట్టాలే, ఒకదానికొకటి మరలతో బిగిస్తూ దించుతారు. ప్రతి చోటా ఎవరో ముందుగానే ఆలోచించి, మోసేవాడి చేతికి, బండి తొట్టికి సరిపడేలా చేశారు.

ఈ రెండు లెక్కలు చేయండి. ఒకటి: మీ ఊళ్ళో ట్రాక్టరు తొట్టి పొడుగు, వెడల్పు, గోడల ఎత్తు టేపుతో కొలిచి, అందులో పూర్తిగా పట్టే అతి పొడుగాటి వెదురు ఎంతో పైథాగరస్ సిద్ధాంతంతో చెప్పండి. రెండు: మీ ఇంటి సందు వెడల్పు కొలిచి, ఎంత పొడుగు నిచ్చెన నేలకు సమాంతరంగా ఆ మలుపు తిరుగుతుందో లెక్క కట్టండి. లెక్క వేశాక నిచ్చెన తెచ్చి పరీక్షించండి. తెచ్చేటప్పుడు కొస దగ్గర ఒక మిత్రుణ్ణి నడవమనండి. పొడుగాటి వస్తువును మోసేవాడికి తన వెనక కొస ఎవరికి తగులుతుందో కనపడదు.